వేసవి రీసెర్చ్ ప్రాజెక్ట్ ఎలా మొదలుపెట్టాలి: ఇంజినీరింగ్ విద్యార్థికి సమగ్ర మార్గదర్శి

వేసవి రీసెర్చ్ ప్రాజెక్ట్ అంటే సాధారణంగా ఎనిమిది నుంచి పది వారాలు. అందులో మొదటి వారం కంప్యూటర్ అకౌంట్లకీ, సేఫ్టీ ట్రైనింగ్‌కీ, ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోవడానికీ పోతుంది. చివరి రెండు వారాలు రిపోర్టు, ప్రెజెంటేషన్ మింగేస్తాయి. మధ్యలో ఏదో ఒక పరికరం మొరాయిస్తుంది, ఆర్డర్ పెట్టిన సామాను ఆలస్యమవుతుంది. అసలు పనికి మిగిలేది ఐదారు వారాలు. ఈ లెక్క వేసుకోని వాళ్లు మొదటి నెలంతా పేపర్లు చదువుతూ కూర్చుంటారు. సబ్జెక్టు పూర్తిగా అర్థమయ్యాక ప్రయోగం మొదలుపెడదామని వాళ్ల ఆలోచన. పూర్తిగా అర్థం కావడమనేది పీహెచ్‌డీ అయిపోయేవాళ్లకు కూడా ఉండదు.

అందుకని ఇక్కడ చెప్పే అడుగులన్నీ ఒకే లక్ష్యం కోసం: రెండో వారం ముగిసేలోపు మీ పని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి నడవాలి. నమూనా బిగించడం, కొలవడం, డేటా ఫైల్లోకి రావడం, దాన్నుంచి ఒక గ్రాఫ్ గీయడం, ఆ గ్రాఫ్ గైడ్ ముందు పెట్టడం. ఫలితం నాసిగా ఉన్నా పర్వాలేదు. దారి ఎక్కడ తెగిపోతోందో తెలుస్తుంది, సరిచేసుకోవడానికి ఇంకా వారాలు ఉంటాయి.

మాటలు గాల్లో తేలిపోకుండా ఒక చిన్న ప్రాజెక్ట్‌ను వెంట తీసుకెళ్దాం. ఒక చివర బిగించి, రెండో చివర వదిలేసిన అల్యూమినియం పట్టీ, అంటే కాంటిలివర్ బీమ్. పొడవు 300 మి.మీ., వెడల్పు 25 మి.మీ., మందం 3 మి.మీ. దానికి పగులులాంటి గాటు పెడితే కంపించే ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఆ మార్పును బట్టి గాటు ఎంత లోతుందో చెప్పగలమా? మీ ప్రాజెక్ట్ బ్యాటరీల మీదో, కాంక్రీటు మీదో, యాంటెన్నాల మీదో కావచ్చు. పద్ధతి అదే.

1. చేరకముందే అడగాల్సినవి

గైడ్‌కు రాసే ఈమెయిల్‌లో మీ ఉత్సాహం గురించి ఒక్క వాక్యం చాలు. మిగతాదంతా ప్రశ్నలే రాయండి. ఈ పని మీద ల్యాబ్ నుంచి వచ్చిన తాజా పేపర్లు, థీసిస్‌లు ఏవి? ఇంతకుముందు దీని మీద పనిచేసిన విద్యార్థి ఎవరు, వాళ్ల డేటా ఎక్కడుంది? ఏ పరికరం వాడాలి, దానికి ముందే స్లాట్ బుక్ చేసుకోవాలా? బయటి నుంచి తెప్పించాల్సిన సామాను ఉంటే మీరు చేరేలోపే ఆర్డర్ వెళ్లేలా చూడమని మర్యాదగా గుర్తుచేయండి. కొనుగోలు కాగితాలు కదలడానికి పట్టే సమయం ముందు మీ ప్రాజెక్ట్ చాలా చిన్నది.

పేపర్ కంటే పాత విద్యార్థి థీసిస్ ఎక్కువ పనికొస్తుంది. పేపర్లో నాలుగు వాక్యాల్లో తేల్చేసిన ప్రయోగ పద్ధతి థీసిస్‌లో ఇరవై పేజీలు ఉంటుంది. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు.

2. టాపిక్‌ను ప్రశ్నగా మార్చండి

గైడ్ మీకిచ్చేది టాపిక్. "బీమ్‌లలో పగుళ్లను కంపనాల ద్వారా గుర్తించడం" లాంటిది. దాని మీద జీవితకాలం పనిచేసేవాళ్లున్నారు. మీకు కావాల్సింది ఐదు వారాల్లో జవాబు వచ్చే ప్రశ్న. అలాంటి ప్రశ్నలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఏది మారుస్తున్నాం, ఏది కొలుస్తున్నాం, ఏది మారకుండా పట్టి ఉంచుతున్నాం. మన ఉదాహరణలో అయితే: "బిగించిన చివర నుంచి 30 మి.మీ. దూరంలో గాటు లోతును 0 నుంచి 1.5 మి.మీ. దాకా పెంచుకుంటూ పోతే మొదటి ఫ్రీక్వెన్సీ ఎంత తగ్గుతుంది?"

గాటు బిగింపు దగ్గరే ఎందుకు? మొదటి తరహా కంపనంలో (బీమ్ మొత్తం ఒకే వైపు ఊగే, అన్నిటికంటే నెమ్మదైన కంపనం; దాని ఫ్రీక్వెన్సీయే మొదటి ఫ్రీక్వెన్సీ) వంపు అక్కడే ఎక్కువ, కొస దగ్గర దాదాపు సున్నా. కొస దగ్గర ఎంత లోతు గాటు పెట్టినా ఫ్రీక్వెన్సీ కదిలీ కదలనట్టే ఉంటుంది. ప్రశ్న రాస్తున్నప్పుడే ఇలాంటివి ఆలోచిస్తే తర్వాత ఒక వారం మిగులుతుంది.

మొదటి మీటింగ్‌లో ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి చూపించండి. గైడ్ దాన్ని కొట్టేసి వేరేది రాస్తారు. మంచిదే. కొట్టేయడానికి ఏదో ఒకటి ఉంది కాబట్టే అసలు వాళ్లకు ఏం కావాలో బయటికొచ్చింది. ఇంకో ప్రశ్న కూడా తప్పక అడగండి: "వేసవి అయ్యేసరికి మీ చేతిలో ఏముంటే ఈ పని ఉపయోగపడిందని అనుకుంటారు?" కొందరికి డేటా కావాలి, కొందరికి పనిచేసే సెటప్ చాలు, కొందరు ఆ ఆలోచనలో పస ఉందో లేదో తేలితే చాలనుకుంటారు. ఈ మూడింటికీ మీరు వేసుకోవాల్సిన ప్లాన్లు వేర్వేరు.

3. చదవండి, హద్దు పెట్టుకుని

మొదటి వారంలో ఐదారు పేపర్లు చాలు. సారాంశం, బొమ్మలు, ముగింపు చూసి పక్కన పెట్టాల్సినవి పక్కన పెట్టేయండి. మిగిలిన రెండు మూడింటిలో ప్రయోగం వివరించిన భాగాన్ని మాత్రం పెన్సిల్ పట్టుకుని చదవండి. వాళ్లు వాడిన కొలతలు, సెన్సర్, ఎన్నిసార్లు కొలిచారు, ఎంత తేడా వచ్చింది అన్నవి ఒక పట్టికలో రాసుకోండి. ఆ పట్టికలో ఖాళీగా మిగిలిన గళ్లే మీ ప్రాజెక్ట్‌కు చోటు చూపిస్తాయి. గూగుల్ స్కాలర్‌లో ఒక పేపర్ కింద దాన్ని ఉటంకించిన కొత్త పేపర్ల లింకు ఉంటుంది. పాతదాని నుంచి కొత్తదానికి వెళ్లడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

అచ్చులో ఉన్న అంకె కదా అని కళ్లు మూసుకుని నమ్మకండి. రైట్ సోదరుల కాలంలో రెక్క మీద గాలి చూపే బలాన్ని లెక్కగట్టడానికి ఇంజినీర్లు వాడే స్మీటన్ గుణకం విలువ 0.005. దాన్ని నమ్మి ఆ సోదరులు కట్టిన గ్లైడర్ 1901లో లెక్కలో వచ్చినంత బలంతో పైకి లేవలేదు. తమ సొంత కొలతల నుంచి లెక్క కడితే ఆ విలువ 0.0033 దగ్గర తేలింది. ఆ ఏడాది చివర్లో చిన్న విండ్ టన్నెల్ కట్టుకుని దాదాపు 200 రెక్కల ఆకారాలను వాళ్లే పరీక్షించారు. మీకంత అవసరం రాదు గానీ, కొత్త ఫలితం కోసం వెళ్లేముందు పాత పేపర్లోని ఒక్క అంకెనైనా మీ సెటప్‌లో మళ్లీ రాబట్టండి.

4. పరికరం ముట్టుకునే ముందు లెక్క వేయండి

విద్యార్థులు ఎక్కువగా దాటేసే అడుగు ఇదే. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్ట్‌లో అన్నిటికంటే లాభసాటి గంట కూడా ఇదే. జవాబు సుమారుగా ఎంత రావాలో ముందే తెలియకపోతే, స్క్రీన్ మీద ఏ అంకె కనిపించినా నమ్మేస్తాం.

మన బీమ్‌కు ఈ లెక్క పుస్తకంలోనే ఉంది. అల్యూమినియం యంగ్స్ మాడ్యులస్ (సాగకుండా ఎంత ఎదిరిస్తుందో చెప్పే అంకె) 70 గిగాపాస్కల్స్, సాంద్రత ఘనపు మీటరుకు 2700 కిలోలు తీసుకుంటే మొదటి ఫ్రీక్వెన్సీ సుమారు 27.4 హెర్ట్జ్ వస్తుంది. ఇక్కడితో ఆగకండి. ఒక్కో కొలత తప్పితే జవాబు ఎంత కదులుతుందో కూడా చూడండి. ఫ్రీక్వెన్సీ మందానికి అనులోమంగా, పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. 3 మి.మీ. అని అమ్మిన రేకు నిజంగా 2.9 ఉంటే 0.9 హెర్ట్జ్ పోయినట్టే. బిగించేటప్పుడు పొడవు 1 మి.మీ. జరిగితే దాదాపు 0.18 హెర్ట్జ్ తేడా వస్తుంది. చిన్న గాటు వల్ల వచ్చే మార్పు కూడా ఇదే స్థాయిలో ఉండొచ్చు. అంటే మీరు పగులును కనిపెట్టామని సంబరపడే చోట నిజానికి బీమ్ కొంచెం జారి ఉండొచ్చు. ప్రయోగం మొదలుపెట్టకముందే, పెన్నూ కాగితంతో ఈ సంగతి తెలిసింది.

ఇంకొకటి. కొస మీద 5 గ్రాముల యాక్సిలరోమీటర్ (కంపనాన్ని కొలిచే సెన్సర్) అంటించారనుకోండి. బీమ్ మొత్తం బరువు సుమారు 61 గ్రాములు కాబట్టి 5 గ్రాములు లెక్కలోకి రావనిపిస్తుంది. కానీ కంపనంలో కొస దగ్గరికి లెక్కించాల్సిన బీమ్ బరువు అందులో నాలుగో వంతు కూడా ఉండదు, 15 గ్రాముల లోపే. దానికి 5 గ్రాములు కలిస్తే ఫ్రీక్వెన్సీ 27.4 నుంచి 24 కిందికి పడిపోతుంది. కొలిచే సాధనమే కొలవాల్సిన దాన్ని మార్చేసింది! దీనికి మార్గాలున్నాయి. సెన్సర్‌ను బిగింపు వైపు జరపొచ్చు, అప్పుడు సిగ్నల్ బలహీనపడుతుంది. లేదా బిగింపు దగ్గర స్ట్రెయిన్ గేజ్ (లోహం ఎంత సాగిందో, అంటే స్ట్రెయిన్‌ను, కొలిచే పలుచని సెన్సర్) అంటించొచ్చు. దాని బరువు లెక్కలోకి రాదు, స్ట్రెయిన్ కూడా అక్కడే ఎక్కువ. ఏది ఎంచుకున్నా, ఎందుకు ఎంచుకున్నారో మీ దగ్గర జవాబు ఉంటుంది.

మీ రంగంలో ఇంత తేలికైన సూత్రం లేకపోవచ్చు. అప్పుడు కనీసం పది రెట్ల తేడాలోనైనా ఒక అంచనా రాసుకోండి. మిల్లీవోల్టులు రావాలా, వోల్టులు రావాలా? సెకన్లు పడుతుందా, గంటలు పడుతుందా?

5. ఒకసారి మొత్తం నడపండి

ఒక బీమ్ తీసుకోండి, గాటు పెట్టొద్దు. బిగించండి, కొసను కొంచెం వంచి వదలండి, రికార్డ్ చేయండి, ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే లెక్క) తీయండి, గ్రాఫ్ గీయండి. ఫిక్స్చర్ (బీమ్‌ను పట్టి ఉంచే అమరిక) అందంగా తయారయ్యేదాకా, సరైన సెన్సర్ వచ్చేదాకా ఎదురుచూడకండి. చేతికి దొరికిన క్లాంప్ చాలు.

ఈ మొదటి పరుగులో రెండు చోట్ల చాలామంది బోల్తా పడతారు. ఒకటి శాంప్లింగ్, అంటే సెకనుకు ఎన్నిసార్లు సిగ్నల్‌ను కొలుస్తున్నాం అన్నది. 27 హెర్ట్జ్ కొలవడానికి సెకనుకు 200 శాంపిళ్లు ధారాళంగా సరిపోతాయనిపిస్తుంది. కానీ బీమ్‌కు రెండో తరహా కంపనం కూడా ఉంది, సుమారు 172 హెర్ట్జ్ దగ్గర. శాంప్లింగ్ రేటులో సగం, అంటే 100 హెర్ట్జ్ దాటినదేదీ ఉన్నచోట కనిపించదు. 172 వెళ్లి 28 దగ్గర తేలుతుంది, సరిగ్గా మీ అసలు శిఖరం పక్కనే. చూసినవాళ్లు అదేదో కొత్త విశేషమనుకుంటారు. 1000కి పైగా శాంపిళ్లు తీసుకోండి, వీలైతే డేటా డిజిటల్‌గా మారకముందే యాంటీ ఏలియాసింగ్ ఫిల్టర్ (అలా చోటు మారి కనిపించే ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేసేది) పెట్టించండి.

రెండోది రికార్డింగ్ పొడవు. 2 సెకన్ల రికార్డింగ్‌కు ఎఫ్‌ఎఫ్‌టీ తీస్తే పక్కపక్క బిందువుల మధ్య 0.5 హెర్ట్జ్ ఎడం ఉంటుంది. మీరు వెతికే మార్పు 0.2 అయితే ఆ గ్రాఫ్‌లో దానికి చోటే లేదు. 10 సెకన్లు తీస్తే ఎడం 0.1కి దిగుతుంది. కంపనం ఈలోపే ఆగిపోతే ఎక్కువసేపు రికార్డ్ చేసి లాభం లేదు, విశ్లేషణ పద్ధతే మార్చాలి. తగ్గిపోతున్న తరంగానికి ఒక వక్రరేఖను సరిపెట్టి ఫ్రీక్వెన్సీ తీయొచ్చు. అది రెండో దఫా పని.

వచ్చిన అంకెను ముందు వేసిన లెక్క పక్కన పెట్టండి. 26.5 వచ్చిందా? మందం వెర్నియర్‌తో మళ్లీ కొలవండి. 13 వచ్చిందా? ఎక్కడో పెద్ద పొరపాటే ఉంది, వెతకండి. ఈ దశలో గైడ్‌కు చూపించాల్సింది ఈ రెండు అంకెల మధ్య తేడానూ, దానికి మీరు అనుమానిస్తున్న కారణాలనూ. అందమైన స్లయిడ్లు అవసరం లేదు.

6. మీ కొలతను మీరే అనుమానించండి

ఇప్పుడు అదే బీమ్‌ను విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ కొలవండి. ఇలా పది సార్లు. విసుగ్గా ఉంటుంది, ఏమీ సాధిస్తున్నట్టు అనిపించదు. కానీ ఈ పది అంకెల చెదురే మీ ప్రాజెక్ట్ భవిష్యత్తును నిర్ణయిస్తుంది. విప్పి బిగించినప్పుడల్లా 0.15 హెర్ట్జ్ అటూ ఇటూ పోతుంటే, 0.2 హెర్ట్జ్ మార్పు చూపించే గాటు గురించి ఒక్క రీడింగ్‌తో ఏమీ చెప్పలేరు. నాలుగు సార్లు కొలిచి సగటు తీస్తే అనిశ్చితి సగమవుతుంది. దాన్ని మళ్లీ సగం చేయాలంటే పదహారు సార్లు కొలవాలి. అంతకంటే బీమ్ ఎప్పుడూ ఒకేచోట ఆగేలా క్లాంప్‌కు ఒక అడ్డు పెట్టించడం చవక. స్క్రూలను టార్క్ రెంచ్‌తో ఒకే బిగువుకు బిగించడం కూడా అలాంటిదే.

మన ఉదాహరణలో ఒక చిక్కుంది. గాటు లోతు పెంచగలం, తగ్గించలేం. కాబట్టి లోతు పెరిగే క్రమమూ, రోజులు గడిచే క్రమమూ ఒకటే అవుతాయి. క్లాంప్ రోజురోజుకూ అరిగి వదులైతే ఆ ప్రభావం గాటు ప్రభావంలా కనిపిస్తుంది. అందుకే గాటు పెట్టని బీమ్ ఒకటి పక్కన ఉంచుకుని, కొలతకు కూర్చున్న ప్రతిసారీ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి దాన్ని కొలవండి. దాని ఫ్రీక్వెన్సీ కదిలిందంటే ఆ రోజు డేటా పక్కన పెట్టాల్సిందే.

వింత ఫలితం వస్తే ముందు వైర్లు చూడండి. 2011 సెప్టెంబరులో ఒపేరా ప్రయోగ బృందం, జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో దాకా సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందే చేరినట్టు ప్రకటించింది. 2012లో బయటపడిన ప్రధాన కారణం సరిగ్గా బిగించని ఫైబర్ ఆప్టిక్ కేబుల్. నెలల తరబడి లెక్కలన్నీ సరిచూసుకున్నాకే వాళ్లు ఆ ప్రకటన చేశారు.

7. నోట్‌బుక్, ఫైళ్లు, యూనిట్లు

నోట్‌బుక్ కాగితానిదైనా, కంప్యూటర్లోదైనా సరే. ఆ రోజే రాయాలన్నది ఒక్కటే నియమం. ఏం చేశారో మాత్రమే కాదు, ఏం జరుగుతుందని అనుకున్నారో కూడా రాయండి. "ఈ రోజు సెన్సర్ మార్చాను" అన్న వాక్యం రెండు వారాల తర్వాత ఎందుకూ పనికిరాదు. ఏ సెన్సర్ తీసి ఏది పెట్టారు, ఎందుకు, ఏ ఫైలు నుంచి మారింది అన్నవి ఉండాలి.

ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ అనే వరసలో మొదలుపెడితే వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. తర్వాత బీమ్ నంబరు, గాటు లోతు, ఎన్నో రీడింగ్ అన్నవి చేర్చండి. సెన్సర్ నుంచి వచ్చిన అసలు డేటాను ఎప్పుడూ దిద్దకండి. దాని కాపీ మీదే పనిచేయండి, రెండు చోట్ల భద్రపరచండి. ప్రోగ్రాములకు గిట్ (ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) వాడండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలైన ఫైనల్" అని పేర్లు పెట్టుకునే బాధ తప్పుతుంది.

పట్టికలో ప్రతి నిలువు వరుస మీదా యూనిట్ రాయండి. 1999లో నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరే నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన అంకెలను ఇంకొకటి న్యూటన్ సెకన్లుగా తీసుకుంది.

8. ప్రాజెక్ట్ మొత్తం కంప్యూటర్ మీదే అయితే

అడుగులు ఇవే, పేర్లు మారతాయి. సిమ్యులేషన్ అయితే జవాబు ముందే తెలిసిన సమస్యతో మొదలుపెట్టండి. ఈ బీమ్‌నే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్లో (వస్తువును ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించేది) పెట్టి 27.4కి దగ్గరగా వస్తోందేమో చూడండి. మందంలో ఒకే ఒక్క లీనియర్ టెట్రా ఎలిమెంట్ (నాలుగు ముఖాల సాదా ముక్క) ఉంచితే బీమ్ ఉన్నదానికంటే గట్టిదై, ఫ్రీక్వెన్సీ ఎక్కువగా వస్తుంది. మెష్, అంటే ఆ ముక్కల వలను, చిన్నది చేసుకుంటూ పోతూ, జవాబు ఇక కదలనప్పుడే దాన్ని నమ్మండి. రంగుల బొమ్మ ఎంత బాగుందన్నది దేనికీ రుజువు కాదు.

మెషిన్ లెర్నింగ్ అయితే మొదట అతి సులువైన మోడల్‌తో ఒక అంకె తెచ్చుకోండి, లేకపోతే మీ పెద్ద మోడల్ దేనికంటే మెరుగో చెప్పలేరు. డేటా విడదీయడంలోనూ జాగ్రత్త. ఐదు బీమ్‌ల నుంచి వంద రికార్డింగులు తీసి, వాటిని కలిపేసి ట్రైనింగ్‌కూ టెస్ట్‌కూ పంచితే, ప్రతి బీమూ రెండు వైపులా ఉంటుంది. మోడల్ గాటును కాకుండా బీమ్‌లనే గుర్తుపట్టి 99 శాతం మార్కులు కొట్టేయగలదు. విడదీసేటప్పుడు బీమ్‌ల వారీగా విడదీయండి.

9. ఇరుక్కున్నప్పుడు

రోజూ పక్కన ఉండేది గైడ్ కాదు, ల్యాబ్‌లోని పీహెచ్‌డీ స్కాలర్లు, టెక్నీషియన్లు. ఏ పరికరానికి ఏ రోగముందో వాళ్లకు తెలిసినంతగా మాన్యువల్‌కు తెలియదు. అడగడానికి మొహమాటపడి రెండు రోజులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. అలాగని ఏదీ ప్రయత్నించకుండా "పనిచేయట్లేదు అన్నా" అని వెళ్తే వాళ్లకూ విసుగే. ఏం రావాలి, ఏం వస్తోంది, ఇప్పటిదాకా ఏమేం మార్చి చూశారు, ఈ మూడూ చెప్పండి. సగంసార్లు చెబుతుండగానే జవాబు మీకే తడుతుంది.

గైడ్‌తో వారం వారం మీటింగ్‌కు ఒక పేజీ పట్టుకెళ్లండి. పైన ఒక గ్రాఫ్, కింద మీకు అర్థమైనది, ఆ కింద వాళ్లు నిర్ణయించాల్సిన విషయం. ఫలితం రాని వారంలో మీటింగ్ వాయిదా వేయించుకోవాలనే టెన్షన్ సహజం. సరిగ్గా ఆ వారమే వెళ్లాలి.

10. సగం దారిలో కత్తిరింపు, చివర్లో అప్పగింత

నాలుగో వారం చివర ప్లాన్ ముందు పెట్టుకుని కత్తిరించండి. గాటు స్థానాలు మూడు అనుకుంటే ఒకటి చేయండి, లోహాలు రెండు అనుకుంటే ఒకటి చాలు. పునరావృత కొలతలను మాత్రం తగ్గించొద్దు. ఒకే స్థానంలో, తేడా ఎంతో తెలిసిన ఐదు బిందువుల గ్రాఫ్‌ను వాడుకునేవాళ్లు ఉంటారు. ఒక్కొక్కసారి మాత్రమే కొలిచిన ముప్పై బిందువులతో ఎవరూ ఏమీ చేయలేరు. గాటు లోతుకూ ఫ్రీక్వెన్సీకీ మీ సెటప్‌లో సంబంధం కనిపించలేదనుకోండి. "ఇంతకంటే చిన్న గాటును ఈ పద్ధతిలో పట్టలేం" అని అంకెతో సహా చెప్పగలిగితే అదీ ఫలితమే.

రిపోర్టులో ప్రయోగ పద్ధతి భాగాన్ని ఇప్పుడే, సెటప్ కళ్ల ముందు ఉండగానే రాసేయండి. ఫొటోలు తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టండి.

వెళ్లిపోయే వారంలో బీమ్‌లన్నిటి మీదా చెరగని మార్కర్‌తో నంబర్లు వేయండి. డేటా ఫోల్డర్లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంచండి: ఏ ఫోల్డర్లో ఏముంది, సెన్సర్ క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు, ఏ రోజుల డేటా పక్కన పెట్టారు, ఎందుకు, గ్రాఫ్ మళ్లీ గీయాలంటే ఏ ప్రోగ్రాం నడపాలి. తర్వాత ఆ ఫైలు ల్యాబ్‌లో ఇంకొకరి చేతికిచ్చి, మీరు నోరు మెదపకుండా పక్కన నిలబడి, వాళ్లను ఒక రీడింగ్ తీసి గ్రాఫ్ గీయమనండి. వాళ్లు ఆగిపోయిన ప్రతిచోటా ఫైల్లో ఒక వాక్యం చేర్చండి.